అమ్మానాన్నల అడుగే కొలత

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న సామెత, దూరయాత్రకు బయలుదేరిన మనిషి తిరిగి వస్తాడన్న భరోసా లేని కాలంలో పుట్టింది. చెన్నపట్నానికి చెందిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కుటుంబంతోను, సుమారు వందమంది పరివారంతోను కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణపు దినచర్యే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’. నేడు పల్నాటి మనిషి విజయవాడలో రైలెక్కితే రెండు రాత్రులు గడిచేలోపే అదే కాశీలో దిగగలడు. దారి ఇంత దగ్గరైనా, పల్నాటి పల్లెల్లో డెబ్బై దాటిన ఎందరో తల్లిదండ్రులకు, కాశీ సంగతి అటుంచి, సొంత జిల్లాలోని రేవు నుంచి లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసే యోగం కూడా పట్టలేదు. ఈ పంట గట్టెక్కనీ, పిల్లల చదువులు కానీ, అమ్మాయి పెళ్లి కానీ అంటూ ఏళ్ల తరబడి వాయిదా పడిన ఆ ప్రయాణాన్ని తలపెట్టే బాధ్యత ఇప్పుడు ఆ పిల్లలది. అయితే వృద్ధులైన తల్లిదండ్రులతో చేసే యాత్రలో టికెట్లు కొనడం చివరి పని. అంతకుముందు అడిగి తెలుసుకోవలసినవి, కొలిచి చూసుకోవలసినవి, ఇంటిదగ్గర సర్దుబాటు చేయవలసినవి చాలా ఉంటాయి. వాటిని వరుసగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాయిదా వెనుక ఉన్న లెక్క

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో బతుకు చాలావరకు సేద్యం చుట్టూనే తిరుగుతుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద వరి, మెట్ట చేలల్లో పత్తి, మిరప ఇక్కడి ముఖ్య పంటలు. దసరా, దీపావళి నాళ్లలో మొదలయ్యే పత్తితీత సంక్రాంతి దాకా సాగుతుంది. అది ముగియకముందే మిరప కోత అందుకుంటుంది. కోసిన కాయను కల్లంలో ఎండబెట్టి, తాలుకాయ ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు చేర్చేసరికి ఎండలు ముదురుతాయి. రైతుకు కాస్త ఊపిరి ఆడేది మే, జూన్ నెలల్లోనే. సరిగ్గా ఆ నెలల్లోనే పెళ్లిళ్లు, కాలేజీ ఫీజులు, కొత్త పంటకు విత్తనాల పెట్టుబడి ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి గనుక, చేతికి వచ్చిన డబ్బులో యాత్రకు మిగిలేది ఎప్పుడూ స్వల్పమే.

పాడి ఉన్న ఇంట్లో తల్లికి ఆ రెండు నెలల విరామం కూడా ఉండదు. రెండు పూటలా కుడితి పెట్టాలి, దూడను విడవాలి, పాలు తీయాలి; చేతి వాసనకు అలవాటుపడిన గేదె, కొత్త మనిషి వచ్చి పొదుగు దగ్గర కూర్చుంటే ఒక పట్టాన చేపదు. అందుకే ఇంటి ఇల్లాలు పుట్టింటికి వెళ్లినా మర్నాటి పాలవేళకు తిరిగి వచ్చేసే అలవాటు ఈ ప్రాంతపు పల్లెల్లో చాలామందికి ఒంటికి పట్టిపోయింది. అటువంటి తల్లి యాత్రకు రానన్నప్పుడు, ఆమెకు ఆసక్తి లేదని అనుకోవడం తొందరపాటు. గేదెను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేకపోవడమే చాలాసార్లు అసలు కారణం. ప్రణాళిక అనేది మొదలు కావలసింది ఆ జవాబు దగ్గరే.

అడిగే పద్ధతి

‘ఎక్కడికైనా వెళ్దామా అమ్మా’ అని అడిగితే ఈ ఇళ్లలో తరచుగా వినిపించే సమాధానం ‘ఇప్పుడెందుకులే నాయనా, ఆ డబ్బులు పిల్లల చదువుకు ఉంచుకో’ అన్నదే. దీన్ని ఆఖరి మాటగా తీసుకుని ఊరుకునే పిల్లలు ఎక్కువ. నిజానికి ఆ ఒక్క మాటలో మూడు సంకోచాలు కలిసి ఉంటాయి: తమ మీద ఇంత ఖర్చు ఎందుకన్నది ఒకటి, పరాయి చోట కాళ్లు ఆడకపోతే పిల్లలకు బరువవుతామేమో అన్నది రెండవది, దారిలో మరుగుదొడ్డి అవసరం పడితే కొడుకుతోనో అల్లుడితోనో చెప్పుకోవలసి వస్తుందన్న బిడియం మూడవది. మూడవది ఎవరూ పైకి చెప్పరు గనుక, కూతురో కోడలో ఏకాంతంలో మెల్లగా అడిగి తెలుసుకుంటే తప్ప బయటపడదు.

కనుక ‘వెళ్దామా’ అన్న ప్రశ్న కన్నా, ‘చిన్నప్పటి నుంచి చూడాలనుకుని చూడలేకపోయిన చోటు ఏది నాన్నా’ అన్న ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది. వచ్చే జవాబు పిల్లలు ఊహించినది కాకపోవచ్చు. కొందరికి అది కాశీ, రామేశ్వరం; కొందరికి గుణదల మేరీమాత కొండ లేదా వేళాంకణ్ణి; మరికొందరికి నెల్లూరు దగ్గరి కసుమూరు దర్గా. పొలం తప్ప మరొకటి చూడని మనిషి సముద్రం చూడాలని ఉందని చెప్పవచ్చు. అలాంటివారికి బాపట్ల దగ్గరి సూర్యలంక తీరం ఒక్క రోజు ప్రయాణంతో అందుతుంది. ఎనభై ఏళ్ల తల్లి కోరేది తాను పుట్టిన ఊళ్లో ఒక రాత్రి నిద్ర మాత్రమే కావచ్చు. తల్లి కోరిక, తండ్రి కోరిక ఒకటే అయి ఉండాలన్న నియమం కూడా లేదు. నలుగురి ముందు అడిగితే ఒకరి మాటకు మరొకరు తలవంచుతారు గనుక, విడివిడిగా అడగడం మంచిది.

శరీరం చెప్పే కొలత

కోరిక తెలిశాక చూడవలసింది శక్తి. గుండె, ఊపిరితిత్తుల సత్తువను అంచనా వేయడానికి వైద్యులు ‘ఆరు నిమిషాల నడక పరీక్ష’ చేయిస్తారు. చదునైన నేల మీద ఆరు నిమిషాల్లో మనిషి తన సహజమైన వేగంతో ఎంత దూరం నడవగలడో, నడిచాక ఎంత ఆయాసపడుతున్నాడో చూడటమే ఆ పరీక్ష. యాత్రకు ఒకటి రెండు నెలల ముందు కుటుంబ వైద్యుణ్ణి కలిసి, అవసరమైతే ఇటువంటి పరీక్షలు చేయించి, రక్తపోటు, చక్కెర, గుండె పరిస్థితి చూపించుకోవాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు అవసరమా అన్నది కూడా అప్పుడే అడగాలి. దీనితోపాటు ఇంట్లోనే గమనించవలసినవి కొన్ని ఉన్నాయి: ఎన్ని మెట్లు ఎక్కాక ఆగుతున్నారు, నేల మీద కూర్చుంటే సాయం లేకుండా లేవగలుగుతున్నారా, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారు, మసక వెలుతురులో గడప కనిపిస్తోందా, రద్దీలో వెనుక నుంచి పిలిస్తే వినిపిస్తోందా అన్న ఐదు ప్రశ్నలకు వచ్చే జవాబులే బస, వాహనం, బెర్తు ఎంపికను నిర్ణయిస్తాయి.

పల్నాటిలో ఈ పరిశీలనకు మరొక కారణం కూడా ఉంది. వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతాల్లోని కొన్ని గ్రామాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ పరిమితికి మించి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. దశాబ్దాల పాటు అటువంటి నీరు తాగినవారిలో ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే స్థితిని ఫ్లోరోసిస్ అంటారు. అందుచేత ఈ ప్రాంతపు పెద్దలు ‘మోకాళ్లు పట్టేశాయి’ అన్నప్పుడు దాన్ని వయసు తెచ్చే నొప్పిగా తేల్చేయకుండా ఎముకల వైద్యుడికి చూపించాలి.

కొన్ని యాత్రలను ఈ కొలతే పక్కన పెట్టిస్తుంది. సముద్రమట్టానికి 2,500 మీటర్లు దాటిన చోట గాలిలో ప్రాణవాయువు పలచబడి, తలనొప్పి, వికారం, ఆయాసం కలిగే అవకాశం ఉంటుంది. కేదార్‌నాథ్ సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉంది. అమర్‌నాథ్ యాత్రకు 70 ఏళ్లు దాటినవారిని అనుమతించకపోవడానికి కారణం కూడా ఇటువంటిదే. గుండె జబ్బు ఉన్న తండ్రి కేదార్‌నాథ్ అడిగితే, వద్దని కొట్టిపారేయకుండా, వైద్యుడి నోట అసలు విషయం వినిపించి, చదునైన నేల మీద ఉన్న కాశీని ముందు పెట్టడం మర్యాద.

రుతువు, పంట కుదరని చోట

పల్నాటి ఎండ రాష్ట్రమంతటికీ తెలిసినదే. వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు ఏటా వినిపిస్తుంది. మే నెలలో కాశీ, గయ, ప్రయాగల్లోనూ వడగాడ్పులే. డిసెంబరు చివర, జనవరిలో గంగా మైదానాన్ని పొగమంచు కమ్మి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, చలి కూడా పెద్దల గుండెకు, ఊపిరితిత్తులకు కష్టం. కనుక ఉత్తరాది యాత్రకు అనువైన కాలం అక్టోబరు, నవంబరు నెలలు, మళ్లీ ఫిబ్రవరి నుంచి మార్చి సగం వరకు. అందులోనూ శివరాత్రి, కార్తిక పౌర్ణమి రద్దీని తప్పించాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. దేహానికి అనువైన నెలలు పత్తితీతతోను, మిరప కోతతోను ముడిపడి ఉన్నాయి. సేద్యానికి, పిల్లల బడులకు సెలవు దొరికే నెలలు దేహానికి పడవు. ఖాళీ దొరికినప్పుడు వెళ్దామన్న లెక్కతో నడిచే కుటుంబాల్లో యాత్ర తరానికి తరం వాయిదా పడటానికి మూలం ఈ రెండు క్యాలెండర్లు కలవకపోవడమే. దీనికి ఉన్న పరిష్కారం ఒక్కటే: పంట మధ్యలోనే పది రోజులు ఎంచుకుని, ఆ పది రోజులు కూలీలను పిలిపించే పని, కల్లం కాపలా, పాడి పని మరొకరు నెత్తిన వేసుకోవడం. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే ఒక కొడుకు తల్లిదండ్రుల వెంట వెళ్తే, మరొక కొడుకో కూతురో ఊరికి వచ్చి ఇల్లు, చేను చూసుకోవాలి. ఇలా ఆగిపోయినవారు కూడా యాత్రలో భాగస్వాములే.

మొదట ఒక్క రోజు

చాలాకాలం ఇల్లు కదలని పెద్దలను ఒక్కసారిగా రెండు వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఎక్కించడం కన్నా, దగ్గరలోని ఒక రోజు యాత్రతో మొదలుపెట్టడం వివేకం. దీనివల్ల పెద్దలకు ధైర్యం వస్తుంది, పిల్లలకు వారి అడుగు తెలుస్తుంది.

నరసరావుపేటకు పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలోని కోటప్పకొండ ఇందుకు చక్కగా సరిపోతుంది. త్రికూటేశ్వరస్వామి కొలువైన ఈ కొండకు మెట్లదారి, ఘాట్‌రోడ్డు రెండూ ఉన్నాయి. శివరాత్రికి చుట్టుపక్కల గ్రామాల నుంచి విద్యుద్దీపాలతో తరలివచ్చే ప్రభలను బాల్యంలో తండ్రి భుజాల మీద కూర్చుని చూసినవారికి ఆ కొండతో ఉండే అనుబంధం మాటల్లో చెప్పలేనిది. అయినా తిరునాళ్ల రోజున డెబ్బై అయిదేళ్ల మోకాళ్లను ఆ జనంలోకి తీసుకుపోవడం సాహసమే. మామూలు రోజున, ఎండెక్కకముందే, కారులోనో ఆటోలోనో పైకి చేరి, దర్శనం చేయించి, నీడపట్టున గంటసేపు కూర్చోబెట్టి, మధ్యాహ్న భోజనానికి ఇంటికి చేరుకునేలా చూసుకుంటే చాలు. మెట్లు నడిచే ఎక్కుతానని మొక్కుకున్న తల్లికి, మొదటి కొన్ని మెట్లు ఎక్కి నమస్కరించి మిగిలిన దారి వాహనంలో వెళ్లే సర్దుబాటును అర్చకస్వామి చేత చెప్పిస్తే మనసు కుదుటపడుతుంది.

జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి మరొక మంచి ఎంపిక. పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయం, ప్రాచీన బౌద్ధ స్తూపపు శేషాలు, 2006 జనవరిలో దలైలామా కాలచక్ర ఉత్సవాలు నిర్వహించిన నేల, ధ్యానబుద్ధ విగ్రహం అన్నీ ఒకే ఊళ్లో ఉండటం వల్ల అలసట తక్కువ. ఈ చిన్న ప్రయాణాల్లో గమనించినవన్నీ, అంటే ఎంతసేపటికి ఒకసారి ఆగవలసి వచ్చింది, ఏం తిన్నారు, ఏ పూటకు నీరసించారు అన్నవి, కాగితం మీద రాసిపెట్టుకుంటే పెద్ద యాత్రకు అదే కొలబద్ద అవుతుంది.

తరువాత రెండు రోజులు

రెండవ మెట్టుగా ఒక రాత్రి బయట పడుకోవలసిన ప్రయాణం పెట్టుకోవాలి. కొత్త చోట నిద్ర పడుతుందా, అర్ధరాత్రి లేచినప్పుడు దిక్కు తెలియక తికమకపడుతున్నారా అన్నది ఆ ఒక్క రాత్రిలో తేలిపోతుంది. గురజాల, కారంపూడి మీదుగా మాచర్ల వెళ్లి, సాగర్‌లో రాత్రి ఆగి, మర్నాడు నాగార్జునకొండ చూసి వచ్చే దారి ఇందుకు అనువైనది. నాగులేరు ఒడ్డున ఉన్న కారంపూడి పన్నెండవ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిన చోటు. వీరుల గుడి, ఏటా కార్తికంలో జరిగే వీరారాధన ఉత్సవాలు ఆ స్మృతిని నేటికీ నిలుపుతున్నాయి. మాచర్లలో ఆ యుద్ధగాథలోని బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన చెన్నకేశవాలయం, అక్కడి నుంచి సాగర్ వెళ్లే దారిలో చంద్రవంక నీరు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల ఉన్నాయి. అదే యుద్ధగాథలోని బాలచంద్రుడి కథను తాతముత్తాతల నోట విన్న పెద్దలకు ఈ దారి వెంట ప్రతి ఊరి గురించీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. వాళ్లు చెబుతుంటే మనవలు వినే అవకాశం ఒక్క కారు ప్రయాణంలోనే దొరుకుతుంది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఇప్పుడు ఎనభై దాటిన పల్నాటి పెద్దల బాల్య యౌవనాలు ఆ రాతికట్టడం లేస్తున్న కాలంలోనే గడిచాయి. ఆనాడు కూలికి వెళ్లి రాళ్లు మోసినవారూ ఉన్నారు, ఆ నీటితోనే మెట్టచేను మాగాణి కావడం చూసినవారూ ఉన్నారు. అటువంటి తండ్రిని ఆనకట్ట ఎదుట నిలబెట్టడం వినోదయాత్ర కన్నా పెద్ద విషయం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, తవ్వకాల్లో దొరికిన శిల్పాలను కొండకొనకు చేర్చి, 1966లో నాగార్జునకొండ ద్వీపం మీద మ్యూజియం ఏర్పాటు చేశారు. అక్కడికి విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో వెళ్లాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. గాలి, నీటి మట్టాన్ని బట్టి లాంచీలు నడుస్తాయి గనుక ముందు రోజే విచారించుకోవాలి.

లాంచీ ఎక్కే ఆ ఒక్క అడుగు వృద్ధులకు మొత్తం ప్రయాణంలో కష్టమైన ఘట్టం. రేవుకూ లాంచీకీ మధ్య అలతోపాటు పెరుగుతూ తగ్గుతూ ఉండే జానెడు సందులో నీరు కనిపించగానే కాలు వెనక్కు పోతుంది. వెనుక నుంచి ‘తొందరగా ఎక్కమ్మా’ అన్న కేకలు భయాన్ని రెట్టింపు చేస్తాయి. ఒకరు ముందుగా లాంచీలోకి దిగి చేయి అందించాలి. మరొకరు వెనుక నిలబడి మోచేతి కింద ఆసరా ఇవ్వాలి. చీర కుచ్చిళ్లు, పంచె అంచు కాలికి అడ్డుపడకుండా ముందే ఎత్తి దోపుకునేలా చూడాలి. లాంచీ నిలకడగా ఉన్న క్షణం చూసి అడుగు వేయించాలి. అందరూ ఎక్కాక ఎక్కినా, అందరూ దిగాక దిగినా పోయేదేమీ లేదు.

దూర ప్రయాణం

ఈ రెండు మెట్లూ ఎక్కినవారికి తిరుమల, రామేశ్వరం, కాశీ వంటి యాత్రలు అందుతాయి. తిరుమలలో 65 ఏళ్లు నిండినవారికి ప్రత్యేక దర్శన కోటా ఉంది. దేవస్థానం వెబ్‌సైట్‌లో ముందుగా నమోదు చేసుకుని, అసలు ఆధార్ కార్డుతో వెళ్లాలి. రాష్ట్రంలోని ఆర్టీసీ బస్సుల్లో 60 దాటినవారికి 25 శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ వరకు మహిళలకు ప్రయాణం ఉచితం. రైళ్లలో వృద్ధులకు ఉండిన టికెట్ రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు.

రైలు టికెట్ల విషయంలో చాలామందికి తెలియని నియమం ఒకటి ఉంది. 60 దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు కింది బెర్తులు కొన్ని కేటాయించి ఉంటాయి. దీన్నే లోయర్ బెర్త్ కోటా అంటారు. అయితే ఈ కోటా అర్హులు ఒక్కరుగానో, ఇద్దరుగానో ఒక టికెట్ తీసుకున్నప్పుడే వర్తిస్తుంది. అదే టికెట్‌లో వయసు తక్కువైన కొడుకు పేరు కలిపినా, ముగ్గురు పెద్దల పేర్లు రాసినా కోటా వర్తించదు. కనుక తల్లిదండ్రులిద్దరికీ ఒక టికెట్, వెంట వెళ్లేవారికి వేరొక టికెట్ తీసుకోవడం మేలు. 2024 నవంబరు 1 నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే రిజర్వేషన్ మొదలవుతోంది గనుక, ఆ రోజును ముందే గుర్తు పెట్టుకోవాలి. అర్ధరాత్రి దీపాలు ఆర్పిన బోగీలో, ఇనుప మెట్టు కాలికి ఆనుతుందో లేదో తెలియక తడుముకుంటూ పైబెర్తు నుంచి దిగే వృద్ధుణ్ణి ఒకసారి చూసినవారు ఈ శ్రద్ధను అతిగా భావించరు. రైల్లో సాయానికి 139 నంబరు ఉంది. విమానంలో వెళ్లేవారు చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొన్నప్పుడో, కనీసం 48 గంటల ముందో చెప్పి ఉంచాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. అందుచేత కారైనా, రైలైనా, విమానమైనా మధ్యమధ్య లేపి నాలుగు అడుగులు వేయించాలి.

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలన్నది తెలుగువారిలో చాలామంది పాటించే ఆచారం. ఆ తొమ్మిది రోజుల్లో ప్రయాగ, గయ, అయోధ్య అన్నీ ఇరికించడం పిల్లల తొందర. రోజుకు ఒక్క పని, మధ్యాహ్నం తప్పనిసరి విశ్రాంతి అన్నది పెద్దల దేహం కోరే క్రమం. మానససరోవర్ ప్రాంతంలోని శ్రీరామతారక ఆంధ్రాశ్రమం వంటి చోట్ల తెలుగు మాట, తెలుగు భోజనం దొరకడం వారికి కొండంత ధైర్యం. బస ఎక్కడైనా కింది అంతస్తు గది, కమోడ్ ఉన్న మరుగుదొడ్డి, జారని నేల ఉన్నాయో లేదో ఫోనులో అడిగి నిర్ధారించుకోవాలి. గంగ ఒడ్డు మెట్లు నిటారుగా, పాకుడు పట్టి ఉంటాయి. పూర్తి మునక బదులు కింది మెట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో స్నానం చేయించినా పుణ్యానికి లోటు లేదని పెద్దలకు నచ్చజెప్పవచ్చు.

మందుల సంచి, మంచినీళ్లు, ఉపవాసం

మందులను రెండు వాటాలు చేసి రెండు సంచుల్లో ఉంచాలి. ఒక సంచి పోయినా రెండవది ఆదుకుంటుంది. మందు చీటీలో కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా రాయించుకుంటే పరాయి రాష్ట్రంలోనూ దొరుకుతుంది. ఇన్సులిన్‌ను విమానంలో సామానుతో పంపకుండా చేతిసంచిలోనే పెట్టుకోవాలి. పెద్దల జేబులోనో కొంగు ముడిలోనో పేరు, ఊరు, బస చేసిన చోటు, ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన చీటీ తప్పక ఉండాలి.

దారిలో మూత్రానికి ఆగవలసి వస్తుందని నీళ్లు తాగడం మానేసే పెద్దలు చాలామంది. వయసు పెరిగిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది కనుక, ఒంట్లో నీరు తగ్గిపోయే స్థితి, అంటే డీహైడ్రేషన్, చెప్పకుండానే ముంచుకొస్తుంది. నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. రెండు గంటలకొకసారి శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న చోట తప్పక ఆగుతామని ముందే మాట ఇస్తే, వారు నీళ్లు తాగుతారు.

స్వామి దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనన్న పట్టుదల ఇంకొక ప్రమాదం. చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మందు వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది; దీన్ని హైపోగ్లైసీమియా అంటారు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దీని గుర్తులు. మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగించి, వెంటనే వైద్య సహాయం వెతకాలి. ఉపవాసం ఉండే రోజున మందు ఎంత వేసుకోవాలో యాత్రకు ముందే వైద్యుణ్ణి అడిగి రాసిపెట్టుకోవడం ఇంకా మంచిది.

డబ్బు, గౌరవం

ఖర్చంతా పిల్లలే పెట్టుకున్నా, పెద్దల చేతిలో కొంత సొమ్ము ఉండేలా చూడాలి. హుండీలో వేయడం, మనవరాలికి గాజులు కొనడం, దారిలో యాచకుడికి పది రూపాయలు ఇవ్వడం వంటివి వాళ్లు స్వయంగా చేయాలనుకునే పనులు. ప్రతిదానికీ కొడుకు ముఖం చూడవలసి వస్తే యాత్రలో సంతోషం సగం పోతుంది. కాశీ నుంచి వచ్చాక ఊళ్లో పంచే దారాలు, మూత అతికిన గంగ చెంబులు, బంధువులను పిలిచి చేసే సమారాధన కూడా యాత్ర ఖర్చులో భాగమే గనుక ముందే లెక్క వేసుకోవాలి. నలుగురికీ భోజనం పెట్టి, చెంబు మూత తీసి గంగ పంచిన రోజునే పెద్దల దృష్టిలో యాత్ర పూర్తవుతుంది.

అనుకోని ఆస్పత్రి ఖర్చుకు కూడా ఏర్పాటు ఉండాలి. 2024 అక్టోబరు 29న కేంద్రం 70 ఏళ్లు దాటినవారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స అందించే పథకం ప్రారంభించింది. బయలుదేరే ముందే ఆ కార్డు తీసుకుని ఉంచుకుంటే, వెళ్లే ఊళ్లోని గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ఉపయోగపడుతుంది. వృద్ధుల సహాయవాణి 14567, అత్యవసర సేవల నంబరు 112 అందరి ఫోన్లలో ఉండాలి.

ఇల్లు విడిచే ముందు

ప్రయాణం దగ్గరపడ్డాక పెద్దల మనసు మళ్లీ ఇంటి చుట్టూ తిరుగుతుంది. గేదెను చూసుకోబోయే మనిషి చేత వారం ముందు నుంచే తల్లి పక్కన కూర్చుని పాలు తీయిస్తే, గేదెకు ఆ చేయి అలవాటవుతుంది, తల్లికి నమ్మకం కుదురుతుంది. పొలం పనిని ఎవరు చూస్తారో తండ్రి ఎదుటే మాట్లాడి ఖాయం చేయాలి. యాత్రలో ఉన్నన్నాళ్లూ సాయంత్రం ఒకసారి ఇంటికి ఫోన్ చేయించి, గేదె ఎన్ని పాలు ఇచ్చిందో, కల్లంలో కాయ ఎంత ఎండిందో వినిపిస్తే ఆ రాత్రి వారికి నిద్ర పడుతుంది.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పోషణ అన్న మాటకు తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అర్థం చెప్పింది. యాత్ర ఆ జాబితాలో లేదు. అది చట్టం అడిగేది కాదు, పిల్లలు తమంతట తాము ఇవ్వవలసినది. తల్లిదండ్రులు తమ కోరికను వాయిదా వేసిన ప్రతిసారీ ఆ సొమ్ము, ఆ కాలం పిల్లల ఫీజుగానో, పెళ్లిగానో, ఇంటి పైకప్పుగానో మారింది. మోకాలికి ఇంకా సత్తువ ఉన్న ఏడాది ఏదైతే ఉందో అది ఈ ఏడాదే కావచ్చు. అందువల్ల ఈ పంచాంగం ముగిసేలోపు పది రోజులు గుర్తు పెట్టుకుని, గేదెను ఎవరు చూస్తారో ముందు తేల్చుకుని, ఆ తరువాత అమ్మానాన్నల దగ్గర కూర్చుని ఎక్కడికి వెళ్దామని అడగాలి.